ఎడమవైపు గాడి

కొచబాంబా పట్నం సంతలో నేను ముప్పై ఒక్క ఏళ్ళు గుండీలు అమ్మాను. కిడ్నీలు చెడిపోయాక దుకాణం వదిలేసి క్లీసా ఊళ్ళో మా చెల్లెలి ఇంటికి చేరాను. మంగళ, గురు, శనివారాల్లో పట్నం ఆసుపత్రిలో యంత్రం నా రక్తాన్ని కడుగుతుంది. నాలుగు గంటల పని అది. అరగంట తగ్గినా మర్నాటికి పాదాలు పొంగుతాయి, ఆ పై రోజుకి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. మా లోయలో నాలాంటివాళ్ళం ఐదుగురం. ఐదుగురినీ తీసుకెళ్ళి తీసుకొచ్చేది ఎలియోదోరో వ్యాను.

ఎలియోదోరో ఆ వ్యాను కొన్నది మా కోసం కాదు. అతను బ్యాండులో ట్రాంబోన్ వాయించేవాడు. పండగలకు, పెళ్ళిళ్ళకు బృందాన్నీ డోళ్ళనూ మోయడానికి కొన్నాడు. సీట్ల వెనక రేకు మీద డోళ్ళు తగిలిన సొట్టలు ఇప్పటికీ ఉన్నాయి. ఒకసారి రైతులు రోడ్డు మీద రాళ్ళు పేర్చి బస్సులన్నీ ఆపేసిన రోజున, మా ఐదుగురిలో ఒకరైన దోన్ పొన్సియానో ఆసుపత్రికి వెళ్ళే దారి లేక కాలవ గట్టు మీద కూలబడి ఉన్నాడు. పెళ్ళికి వెళ్తున్న ఎలియోదోరో ఆయన్ని చూసి, బృందాన్నంతా అక్కడే దింపేసి, పొలాల వెంట మట్టిదారిలో ఆయన్ని పట్నం చేర్చాడు. ఆ పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ బాజాల్లేకుండానే చర్చి నుంచి ఇంటికి నడిచారట. బ్యాండువాళ్ళు మర్నాడే అతన్ని తీసేశారు. అప్పటినుంచి మా వాడయ్యాడు.

ఆ వ్యాను మీద నాకెప్పుడూ నమ్మకమే ఉండేది. మార్చి నెలలో అది మొరాయించడం మొదలుపెట్టింది. తెల్లవారుజామున బుద్ధిగా బయల్దేరేది. అంగోస్తురా ఆనకట్ట దగ్గర ఎత్తెక్కాక, ఇంజను బాగా వేడెక్కాక, దగ్గు కూడా లేకుండా టక్కున ఆగిపోయేది. అరగంట చల్లారితే మళ్ళీ ఏమీ ఎరగనట్టు కదిలేది. ఆ అరగంటలూ మా నాలుగు గంటల్లోంచే పోయేవి. ఎందుకంటే మా తర్వాత అదే కుర్చీ కోసం ఇంకొకరు వరండాలో కూర్చుని ఉంటారు. నర్సు మమ్మల్ని తిట్టేది కాదు. గడియారం వైపు చూసేది, అంతే.

క్లీసాలో బండ్లు బాగుచేసే ఫ్రోయిలాన్ మేస్త్రీ చూసి, క్రాంకు దగ్గరుండే సెన్సార్ పోయిందన్నాడు. వేలెడంత ముక్క. ఇంజను తిరుగుతోందో లేదో అది చెబితేనే పెట్రోలు మండుతుందట. వేడికి అది మూగబోతోంది. కొత్తది సరిహద్దు అవతల ఇకీకే రేవు నుంచి తెప్పించారు. తీరా పాతది ఊడదీస్తుంటే, దాన్ని వైర్లకు కలిపే కప్లర్ ఎండిపోయిన రొట్టెలా మేస్త్రీ చేతిలో పొడిపొడి అయింది. పోనీ అనుకుంటే కొత్త సెన్సార్ నోరు వేరుగా ఉంది. పాతది నలుచదరం, కొత్తది కోడిగుడ్డు ఆకారం. వ్యాను ఒకటే అయినా, ఏ సంవత్సరం ఎక్కడ తయారైందన్నదాన్ని బట్టి దీనికి రెండు రకాలున్నాయట.

“దానికెందుకంత ఆలోచన? మూడు తీగలు, మూడు సూదులు. ఒక్కోదానికి క్లిప్పు గుచ్చి టేపు చుట్టేస్తా. నీ పెళ్ళయ్యి పిల్లలు పుట్టేదాకా నడుస్తుంది,” అన్నాడు మేస్త్రీ.

“నాకు పెళ్ళయ్యేదాకా అంటే చాలా కాలం పడుతుంది మేస్త్రీ,” అని నవ్వాడు ఎలియోదోరో.

ఆ టేపు తొమ్మిది రోజులు నిలిచింది.

పదో రోజు గురువారం. వాన కుండపోత. ఆనకట్ట దాటాక వ్యాను ఆగింది. చల్లారాక కూడా కదల్లేదు. ఎలియోదోరో ఇంజను మీదుండే ముందు సీటు ఎత్తి చూస్తే, నూనే నీళ్ళూ తాగిన టేపు వీడిపోయి మూడు తీగలూ గాల్లో వేలాడుతున్నాయి. వాటిని మళ్ళీ గుచ్చబోతే ఏది ఎక్కడిదో అతనికి తెలియదు. వెనక సీట్లో దోన్ పొన్సియానో కిటికీ తెరిచి నోటితో గాలి పీలుస్తున్నాడు. ఆయన ఒకప్పుడు రైలు గార్డు. ప్రతిరోజూ ఏదో ఒకటి సణుగుతాడు. ఆ రోజు సణగలేదు. అది చూసి నాకు భయమేసింది.

“ఎలియో, నీ తీగలు తర్వాత చూసుకుందువు గానీ ముందు రోడ్డు మీదికెళ్ళు. ఏ బండి వచ్చినా ఆపు,” అన్నాను.

ఉల్లిపాయల లారీ ఒకటి ఆగింది. డ్రైవరు పక్కన దోన్ పొన్సియానోను కూర్చోబెట్టాం. మిగతా నలుగురం టార్పాలిన్ కింద బస్తాల మీద ఎక్కాం. ఆసుపత్రి గుమ్మంలో దిగేసరికి మా పోలేరా పావడాలు, శాలువాలు, జడలు అన్నీ ఉల్లి కంపు. నర్సు ముక్కు మూసుకుని, ముందు దోన్ పొన్సియానోను లోపలికి తీసుకెళ్ళింది. ఆయన బతికాడు. మాకు మాత్రం ఆ రోజు రెండున్నర గంటలే దొరికాయి.

శనివారమూ, మరుసటి మంగళవారమూ మమ్మల్ని ఎలియోదోరో తన బావ టాక్సీలో కుక్కి తీసుకెళ్ళాడు. మంగళవారం యంత్రం పక్కన నా కుర్చీ దగ్గరికి వచ్చి నేల చూస్తూ నిలబడ్డాడు.

“దోన్యా ఎదూ, మీరంతా ఇంకెవరినైనా చూసుకోండి. నా వల్ల కాదు. మొన్న ఆయనకేమైనా అయ్యుంటే నేనేం చేసేవాణ్ణి? నేను బాజా వాయించుకునేవాణ్ణి. నాకీ బరువు వద్దు.”

“పెళ్ళి బృందాన్ని నడిరోడ్డున దింపేసినప్పుడు లేని బరువు ఇప్పుడెక్కడిదిరా? ఆ కప్లర్ కోసం ఎక్కడెక్కడ వెతికావు?”

“పట్నంలో ఏడు కొట్లకి ఫోన్ చేశాను. మూడు సూదులది, గుడ్డులా ఉంటుంది, బూడిద రంగు అని చెప్పాను. లేదన్నవాళ్ళు కొందరు, ఉందన్నవాళ్ళు కొందరు. ఉందని తెచ్చింది ఏదీ దూరదు.”

“ఫోన్లో చెప్పావా?” నాకు నవ్వొచ్చింది. “ముప్పై ఏళ్ళ పాటు నా కొట్టుకి వచ్చి, నల్ల గుండీ కావాలి, నాలుగు బెజ్జాలుంటాయి అనేవాళ్ళు. నా దగ్గర నల్లవి నాలుగు బెజ్జాలవి రెండొందల రకాలుండేవి. ఏమనేదాన్నో తెలుసా? ఇంటికెళ్ళి కోటు పట్రా అనేదాన్ని. ఆ సెన్సారేదీ?”

జేబులోంచి తీసి ఇచ్చాడు. నా ఎడమ చేతికి సూదులున్నాయి. కుడి చేత్తోనే తిప్పి చూశాను. దాని నోట్లో మూడు సూదులు. ఎడమవైపు గోడకి బియ్యపు గింజంత ఉబ్బు. పైన కప్లర్ నాలుక పట్టుకోవడానికి చిన్న మెట్టు. ఎవరో బాగా ఆలోచించి చేసిన వస్తువు. ఆ ఉబ్బు ఊరికే పెట్టరు. తప్పుడుది దూరకుండా పెడతారు.

“రేపు బుధవారం, సంత రోజు. మనిద్దరం వెళ్తున్నాం,” అన్నాను.

“మీరా? రేపు మీరు లేచి నడవగలరా?”

“యంత్రం ఎక్కిన మర్నాడే నాకు ఒంట్లో బాగుంటుంది. నీకది కూడా తెలియదు, రెండేళ్ళుగా మోస్తున్నావు.”

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాం. స్పేర్ పార్టుల వీధిలో మొదటి కొట్టామె తలెత్తకుండానే చెప్పింది. “అది విడిగా రాదు తల్లీ. వైర్ల జడ మొత్తం కొనుక్కోవాలి.” రెండో కొట్లో ఏ బండికైనా పట్టేదని ఒకటి చూపించారు. దాని నోరు మా సెన్సార్ ముందు కుండ మూతలా ఉంది. మూడో కొట్లో దొరికినట్టే దొరికింది. గుడ్డు ఆకారం, మూడు బెజ్జాలు, పైన నాలుక. ఎలియోదోరో మొహం వెలిగిపోయింది.

“ఇదే! దోన్యా ఎదూ, ఇదే!”

“నొక్కు చూద్దాం.”

సగం దూరి ఆగింది. తిప్పి చూశాను. సెన్సార్ ఉబ్బు దూరాల్సిన గాడి దానికి కుడివైపు ఉంది.

“దీనికి గాడి కుడివైపుంది. మనకి ఎడమవైపుండాలి.”

“అంతేగా! సెన్సార్ లోపల ఆ ఉబ్బుని చాకుతో గీకేస్తే దూరిపోతుంది.”

“గీకేస్తే దూరుతుంది. కానీ ఏ బెజ్జంలోకి ఏ సూది పోతుందో ఎవరికి తెలుసు? నీ దగ్గర సెన్సార్లు ఎన్నున్నాయి?”

“ఒక్కటే.”

“మరి?”

కప్లర్ బల్ల మీద పెట్టేశాడు. కొట్టాయన నా వంక విసుగ్గా చూసి, “ఈమె మీ అమ్మగారా?” అని అడిగాడు.

“కాదు, నా మేస్త్రీ,” అన్నాడు ఎలియోదోరో.

మధ్యాహ్నానికి పదకొండు కొట్లు తిరిగాం. నా కాళ్ళు లాగుతున్నాయి. పల్లీల సూపు వాసన వస్తోంది. నా జబ్బుకి ఒక గరిటె కంటే ఎక్కువ తాగకూడదు కాబట్టి అటు చూడకుండా నడిచాను. చివరికి సంత వెనక పాత ఇనుము అమ్మేవాళ్ళ వరసలోకి వచ్చాం. అక్కడొక చోట నేల మీద దుప్పటి పరిచి, విప్పేసిన బండ్ల వైర్ల కట్టలు పేగుల్లా పోసి ఉన్నాయి. వాటి మధ్య గోధుమరంగు టోపీ పెట్టుకుని ఒకావిడ కూర్చుంది. చూడగానే నా అడుగు ఆగింది.

ఆవిడ కసిల్దా. ఇరవై ఏళ్ళు నా పక్క కొట్లో జిప్పులు అమ్మింది. ఒక ఏడాది నా అరుగులోంచి రెండు జానలు తన వైపు కలిపేసుకుంది. నేను గొడవపడ్డాను, సంత సంఘం ముందు పెట్టాను, ఓడిపోయాను. ఆ తర్వాత ఆరేళ్ళు పక్కపక్కనే కూర్చుని ఒక్క మాట మాట్లాడుకోలేదు. నేను జబ్బుపడి కొట్టు మూసిన రోజున కూడా ఆవిడ జిప్పులు సర్దుకుంటూనే ఉంది.

“ఇంకో చోట చూద్దాం పద,” అన్నాను.

ఎలియోదోరో వినిపించుకోలేదు. అప్పటికే వంగి సెన్సార్ చూపిస్తున్నాడు. “కసేరా, దీని జత ఉందా?” అన్నాడు, సంతలో అమ్మేవాళ్ళని అందరూ పిలిచే పిలుపుతో.

కసిల్దా అతన్ని చూడలేదు. నన్ను చూసింది.

“ఓహో, గుండీల మహారాణి. నా అరుగు కొలవడానికొచ్చావా?”

“దుప్పటి మీద కూర్చున్నదానివి, నీకు అరుగెక్కడుందే కొలవడానికి?”

“ఉన్నది నాది. ఎవరి దగ్గరా లాక్కోలేదు.”

“ఈ ఒక్కటీ లాక్కోలేదేమో.”

ఎలియోదోరో మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, “మీరు చుట్టాలా?” అన్నాడు. ఇద్దరం ఒకేసారి “కాదు!” అని అరిచాం. కాళ్ళు లాగుతుంటే నేను దుప్పటి అంచున కూర్చున్నాను.

కసిల్దా సెన్సార్ లాక్కుని ఎండకి పట్టి చూసింది. బొటనవేలు లోపల పెట్టి తడిమింది. “ఎడమ గాడి. ఇది తక్కువ వస్తుంది,” అంది. “మా ఆయన పోయాక ఈ సరుకు నా మీద పడింది, జిప్పుల్లో లాభం లేక ఇదే పట్టుకున్నాను,” అని ఎవరికీ చెప్పనట్టే చెబుతూ, మూడో కట్ట కింద చెయ్యి పెట్టి లాగింది. అందులోంచి బూడిదరంగు కప్లర్ ఒకటి బయటికి వచ్చింది. ఎలియోదోరో నొక్కాడు. టిక్ అని పట్టుకుంది. లాగినా రాలేదు. అతను కళ్ళు మూసుకున్నాడు.

“సంబరపడకు. కట్ట మొత్తం అమ్ముతాను గానీ విడిగా కొయ్యను. ఒకటి కోస్తే మిగతాది ఎవరూ కొనరు,” అంది కసిల్దా.

“ఇంత కట్ట నేనేం చేసుకోను కసేరా? ఈ ముక్క కోసం ఐదుగురు రోగులు కూర్చున్నారు.”

“రోగులందరూ నా దుప్పటి మీదికే వస్తారు.”

నాకు ఒళ్ళు మండింది. లేద్దామని ఎడమ చెయ్యి నేల మీద ఆన్చాను. శాలువా జారింది. మోచేతి కింద నా నరం వేలి లావున ఉబ్బి, మెలికలు తిరిగి ఉంటుంది. సూదులు గుచ్చడానికి డాక్టర్లు చేసిన ఏర్పాటు అది. నేను దాన్ని ఎప్పుడూ కప్పుకునే ఉంటాను. కసిల్దా చూసింది.

“ఏంటది?”

“ఏం లేదు.”

“చెయ్యి ఇలా పెట్టు.” అడక్కుండానే నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు నరం మీద పడగానే ఉలిక్కిపడింది. “అమ్మో! లోపల మోటారు తిరుగుతోందే!”

“తిరగాలి. ఆగిపోతే చెడ్డది. దానిలోంచే రక్తం తీసి కడుగుతారు.”

“ఎప్పట్నుంచి?”

“కొట్టు మూసినప్పట్నుంచి.”

ఆవిడ నా చెయ్యి వదల్లేదు. “నువ్వు కూతురి దగ్గరికి వెళ్ళిపోయావనుకున్నాను. మంచి రోజులొచ్చి, మాకు చెప్పకుండా వెళ్ళావనుకున్నాను,” అంది.

“నాకు కూతుళ్ళు లేరని నీకు తెలుసు కదే.”

“కోపంలో గుర్తుంటుందా?”

కత్తెర తీసింది. కప్లర్ దగ్గర కాదు, మూరెడు దూరంలో తీగలు కోసింది. “పొడుగ్గా కోశాను. కురచైతే మళ్ళీ నీ మొహం చూడాల్సొస్తుంది,” అంది. తర్వాత ఎలియోదోరో వైపు తిరిగి గొంతు మార్చి, “మీ వ్యానుకి స్టీరింగు మార్చారా?” అని అడిగింది.

“జపాన్ నుంచి వచ్చినవన్నీ మార్చినవే కదా. కుడి నుంచి ఎడమకి.”

“అయితే రంగుల్ని నమ్మకు. మార్చేటప్పుడు తీగలు అందకపోతే చేతికి దొరికిన తీగతో అతుకు వేస్తారు. ఎరుపుకి పచ్చ, పచ్చకి నలుపు. కరెంటు కొలిచే మీటర్ పెట్టకుండా కలిపావో, కాల్చుకుంటావు.”

మేం వెళ్ళేటప్పుడు కసిల్దా నా శాలువా తనే సర్ది పిన్ను పెట్టింది.

క్లీసా చేరేసరికి నాలుగైంది. ఫ్రోయిలాన్ మేస్త్రీ చొక్కా మార్చుకుని ఉన్నాడు. మనవరాలికి ఆ సాయంత్రం నామకరణ విందు. కప్లర్ చూసి మెచ్చుకున్నాడు గానీ కూర్చోలేదు.

“పది నిమిషాల పని. నలుపు నలుపుకి, ఎరుపు ఎరుపుకి, మిగిలింది మిగిలినదానికి. టంకం వేస్తే ఇక ఊడదు.”

“మొన్న కూడా అలాగే కలిపారా మేస్త్రీ?” అని అడిగాడు ఎలియోదోరో.

“మొన్న మీటర్ పెట్టి చూశా. ఏది ఎక్కడ పెట్టానో రాసుకోలేదు.”

“మరి ఇవాళ?”

“దాన్లో బ్యాటరీ అయిపోయింది. ఒరేయ్, నలుపంటే ప్రపంచమంతా ఎర్త్ తీగే. నాకు ముప్పై ఏళ్ళ అనుభవం.”

ఎలియోదోరో ఎప్పుడూ పెద్దవాళ్ళకి ఎదురు చెప్పడు. నా వంక చూశాడు. నేను వ్యాను వైపు చూశాను. అది అతని బండి.

“మేస్త్రీ, మీరు విందుకి వెళ్ళండి. మీ మీటర్ ఇచ్చి వెళ్ళండి చాలు. బ్యాటరీ నేను తెచ్చుకుంటాను,” అన్నాడు చివరికి.

ఫ్రోయిలాన్ గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. తిట్టుకుంటూ వెనక్కి వచ్చి చొక్కా చేతులు మడిచాడు. “నా చేతి పనిని నేను లేనప్పుడు పరీక్ష చేస్తావా? పరిగెత్తు, బ్యాటరీ పట్రా.”

తాళం తిప్పి, ఒక్కో తీగకీ మీటర్ పుల్ల ఆనించారు. ఎరుపు తీగ దగ్గర మీటర్ ఐదు వోల్టులు చూపించింది. ఆకుపచ్చ దగ్గర సున్నా. నలుపు దగ్గర పన్నెండు.

మేస్త్రీ మళ్ళీ పెట్టాడు. పన్నెండే. బ్యాటరీ కరెంటు నేరుగా వస్తున్న తీగ ఆ నల్లదే. సెన్సార్ పెట్టెలో వచ్చిన కాగితం మీద ఏ సూది దేనికో బొమ్మ ఉంది. ఆ లెక్కన ఆయన చెప్పినట్టు రంగుకి రంగు కలిపి ఉంటే, ఇకీకే నుంచి వచ్చిన ఆ ముక్క తాళం తిప్పగానే మాడిపోయేది.

ఫ్రోయిలాన్ నుదురు తుడుచుకున్నాడు. “ముప్పై ఏళ్ళు,” అన్నాడు తనలో తాను. తర్వాత ఎలియోదోరో చేతికి టంకం కడ్డీ ఇచ్చాడు. “నువ్వే వెయ్యి. నేను పట్టుకుంటా.”

ఒక్కో అతుకూ వేసి, దాని మీద సన్నని గొట్టం ఎక్కించి వేడి చేశారు. గొట్టం ముడుచుకుని తీగని కరుచుకుంది. ఈసారి మేస్త్రీ ఒక అట్టముక్క మీద మూడు తీగల సంగతీ రాసి, సీటు కింది ఇంజను మూతకి లోపల అంటించాడు. కప్లర్ టిక్ అని పట్టుకుంది. తాళం తిప్పితే ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. మేస్త్రీ భార్య వచ్చి, ఇంకా రారేమని అరుస్తుంటే, “ఆగు, ఇంకో బిడ్డకి పేరు పెడుతున్నాం ఇక్కడ,” అన్నాడు.

ఎలియోదోరోకి నమ్మకం చాలలేదు. అప్పటికప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆనకట్ట దాకా నడిపాడు. ఎత్తెక్కి, దిగి, మళ్ళీ ఎక్కాడు. మొన్న ఆగిన చోటే బండి నిలబెట్టి, ఇంజను ఆపకుండా దిగి నిలుచున్నాం. ఇంజను వేడి చూపే ముల్లు పైకెక్కుతోంది. అతను దాన్ని చూడలేక నీళ్ళ వైపు తిరిగాడు. గట్టు మీద ఎవరో చేపలు వేయించి అమ్ముతున్నారు. ఒక్కటి కొని ఇద్దరం పంచుకున్నాం. ఉప్పు నేను దులిపేశాను. అరగంట గడిచింది. ఇంజను చప్పుడు మారలేదు.

“దోన్యా ఎదూ, నిన్న నేనన్న మాట...” అని మొదలుపెట్టాడు.

“నిన్న నేను యంత్రం మీద ఉన్నాను. ఆ చప్పుడులో ఏమీ వినపడదు,” అన్నాను.

గురువారం ఆసుపత్రి గేటు తెరవకముందే మేం చేరాం. కాపలాదారు ఇంకా తాళాలు వెతుక్కుంటున్నాడు. “ఇంత పొద్దున్నే తెచ్చి పడేశావు, చలికి చావాలా?” అని దోన్ పొన్సియానో సణిగాడు. ఆ సణుగుడు నాకు చెవులకింపుగా ఉంది. ఆ రోజు ఐదుగురికీ నిండా నాలుగు గంటలు దొరికాయి. నర్సు గడియారం వైపు చూడలేదు.

ఇప్పుడు జూన్ వచ్చింది, మా దేశంలో చలికాలం. పొద్దున్నే కిటికీ అద్దాల మీద మంచు గీకాల్సి వస్తోంది. వ్యాను ఒక్కసారి కూడా ఆగలేదు. బుధవారాల్లో ఒంట్లో బాగుంటే సంతకి వెళ్ళి కసిల్దా దుప్పటి మీద కూర్చుంటాను. ఇద్దరం బాగానే పోట్లాడుకుంటాం. కిందటివారం తారాతా మలుపు దగ్గర ఒక పడుచుపిల్ల, చేతికి కొత్త కట్టుతో, చెయ్యెత్తి వ్యానుని ఆపింది. డాక్టర్లు వారానికి మూడు రోజులు రమ్మన్నారట, చోటుందా అని అడిగింది. వాళ్ళమ్మ వెనక నిలబడి శాలువా కొస నలుపుతోంది.

ఎలియోదోరో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“ఎక్కమ్మా. దోన్ పొన్సియానో, కాస్త జరగండి.”

ఆయన సణుగుతూ జరిగాడు. ఆ పిల్ల నా పక్కన కూర్చుంది. దారంతా నేను కట్టు లేని ఆమె చేతిని పట్టుకుని, మొదటి రోజు ఏం చేస్తారో, ఏది నొప్పిగా ఉంటుందో, ఏది ఉండదో చెబుతూ వచ్చాను. ఆనకట్ట ఎత్తెక్కుతున్నప్పుడు ఆమె నా మాటకి అడ్డొచ్చి, “యంత్రం చప్పుడు చేస్తుందా?” అని అడిగింది.

“చేస్తుంది. నాలుగు రోజుల్లో అలవాటైపోయి, ఆ చప్పుడుకి నిద్ర కూడా పడుతుంది,” అన్నాను.